చెరువు శిఖంలో రాత్రిపూట శిథిలాలు పోస్తున్నారు: చర్య తీసుకోవాల్సింది ఎవరు, ఎవరి మీద?

ప్రశ్న: శివారు కాలనీవాసి, వరంగల్

మిత్రులకు నమస్కారం. వరంగల్ శివారులో, నగరంలో విలీనమైన గ్రామాల వైపు ఉన్న ఒక కాలనీలో మేము ఉంటున్నాం. కాలనీకి ఆనుకొని ఒక పాత కుంట ఉంది. పైనున్న చెరువు మత్తడి దూకినప్పుడు ఆ నీళ్లు ఈ కుంటలోకి చేరి, ఇక్కడి నుంచి సన్నని కాలువ గుండా కిందికి పోతాయి. కొన్ని నెలలుగా రాత్రి పది దాటాక ట్రాక్టర్లు, అప్పుడప్పుడు టిప్పర్లు వచ్చి కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు, స్లాబు పెళ్లలు, పగిలిన టైల్సు, సిమెంటు రేకుల తునకలు కుంట అంచున కుమ్మరించి వెళ్తున్నాయి. మొదట్లో రోడ్డు పక్కన నాలుగైదు కుప్పలే కనిపించేవి. ఇప్పుడు కుంటలో ఒక మూల మొత్తం మెరకగా మారిపోయింది.

పలుమార్లు ఫిర్యాదు చేశాం. ఏ కార్యాలయానికి చేశామో ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఒక కార్యాలయాన్నో ఒక ఉద్యోగినో వేలెత్తి చూపడం కంటే దారి ఏమిటో తెలుసుకోవడమే నాకు ముఖ్యం. సిబ్బంది రాలేదని చెప్పలేను. వచ్చారు, జేసీబీతో కుప్పలను చదును చేయించారు, ఫొటోలు తీసుకున్నారు, ఆ తర్వాత ఫిర్యాదు పరిష్కారమైందని ఫోన్‌కు సందేశం వచ్చింది. అయితే చదునైన ఆ నేల మీదుగానే ట్రాక్టర్లు ఇంకాస్త లోపలికి వెళ్లి పోయడం మొదలుపెట్టాయి. మరో శాఖను అడిగితే ఈ స్థలం తమ పరిధిలోకి రాదన్నారు. ఒకసారి కాలనీ యువకులు ఒక ట్రాక్టరును ఆపితే, కూలికి వచ్చిన ఆ డ్రైవరు ఇల్లు ఎవరిదో తనకు తెలియదని, యజమాని చెప్పిన చోట పోస్తున్నానని అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకొని ప్రయోజనం లేదని వదిలేశాం.

నేను తెలుసుకోదలచినవి ఇవి. ఇటువంటి చోట చర్య తీసుకునే అధికారం నిజానికి ఏ శాఖది? జరిమానా ట్రాక్టరు మీద వేయాలా, కూల్చిన ఇంటి యజమాని మీద వేయాలా? ఒకసారి పోసిన శిథిలాలను అక్కడి నుంచి ఎత్తించమని అడిగే హక్కు మాకు ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, హనుమకొండ

మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది చదును చేయించారన్న మాట. రోడ్డు మీద పడ్డ కుప్పను పక్కకు నెడితే కనీసం దారి ఏర్పడుతుంది. శిఖం భూమిలో, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే నేలలో, పడ్డ కుప్పను ఎత్తుకుపోకుండా అక్కడే పరిచేయడమంటే మాత్రం, పోసినవారు సగంలో వదిలిన పనిని ప్రభుత్వ యంత్రంతో పూర్తి చేసినట్టే అవుతుంది. కుప్పగా ఉన్నంతకాలం అది శిథిలం అని ఎవరికైనా కనిపిస్తుంది, కొలవడానికి వీలవుతుంది, ఎత్తడం సులభం. పరిచి, పైన ఒక పొర మొరం పోస్తే రెండు వానలకు గడ్డి మొలిచి అది నేలగా మారుతుంది. ఆ తర్వాత కడీలు పాతుతారు. అందువల్ల ఇకమీదట మీరు ఇచ్చే ప్రతి ఫిర్యాదులోనూ 'చదును చేయవద్దు, కొలిచి, పంచనామా రాసి, బయటికి తరలించండి' అన్న మాట స్పష్టంగా ఉండాలి.

ఎంత నష్టం జరుగుతోందో లెక్కగా చెబితే అధికారులు కూడా వేరే దృష్టితో చూస్తారు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దాన్ని ఒక మీటరు ఎత్తున నింపితే నలభై లక్షల లీటర్లకు పైగా నీరు నిలవాల్సిన చోటు పోయినట్టు. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టర్ ట్రాలీ ఒక్కో ట్రిప్పులో మోసేది మూడు ఘనపు మీటర్ల లోపే కనుక, ఆ ఎకరం నిండడానికి 1,400కు పైగా ట్రిప్పులు కావాలి. అంటే కుంట ఒక్క రాత్రిలో పూడిపోదు. నెలల తరబడి, వందల సార్లు, ఒకే దారిన బండ్లు వస్తేనే పూడుతుంది. ఒక దొంగతనాన్ని ఆపలేకపోవడానికీ, ఒకే చోట వందల సార్లు జరిగే పనిని ఆపలేకపోవడానికీ చాలా తేడా ఉంది. ఈ రెండో దాన్ని ఆపడానికి కావలసింది ఆ దారి మొదట్లో ఒక కందకమో, ఇనుప అడ్డుకడ్డీయో, రాత్రి గస్తీలో ఒక మలుపో మాత్రమే.

ఎఫ్‌టీఎల్ గురించి కూడా చెప్పాలి. నీరు మత్తడి ఎత్తుకు నిలిచినప్పుడు అంచు ఎక్కడిదాకా వస్తుందో అదే పూర్తి నీటిమట్టం. ఎండాకాలంలో నీళ్లు లోపలికి తగ్గిపోయినప్పుడు ఎండిన నేలను చూపించి ఇది చెరువులోనిది కాదని వాదించేవారు ఎప్పుడూ ఉంటారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం, అంటే జీవో 168 ప్రకారం, నగరపాలక సంస్థల పరిధిలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ అంచు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. మీ కుంట చిన్నదే అయినా ఆ తొమ్మిది మీటర్ల పట్టీ దానికీ వర్తిస్తుంది. తహసీల్దార్ కార్యాలయంలో గ్రామ నక్షా (పటం), సేత్వార్ (తొలి సర్వే రికార్డు), పాత పహాణీల (ఏటా రాసే భూమి రికార్డుల) నకళ్లు తీసుకోండి. అందులో శిఖం అని ఉన్న సర్వే నంబరే మీ వాదనకు మొదటి ఆధారం.

కాకతీయుల కాలం నుంచీ ఈ ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పైచెరువు మత్తడి నీరు కింది చెరువుకు చేరేలా ఆనాడే కట్టారు. మధ్యలో ఒక కుంట పూడితే నష్టం ఆ కుంటకే పరిమితం కాదు, కిందనున్న కాలనీలకు కూడా చేరుతుంది. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ హనుమకొండ, వరంగల్ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు నయీంనగర్ నాలా, బొందివాగు ఎందుకు పొంగాయని నగరమంతా చర్చించింది. ఆక్రమణలు ప్రధాన కారణమని అందరూ అన్నారు, అది నిజమే. కానీ శిథిలాలకు ఒక ప్రత్యేక స్వభావం ఉంది. ఒండ్రు మట్టి వరదకు కొంతైనా కొట్టుకుపోతుంది. స్లాబు పెళ్లలు, ఇటుక ముక్కలు కల్వర్టు మూతి దగ్గర ఇరుక్కొని, వాటికి ప్లాస్టిక్ సంచులు, చెత్త తట్టుకొని గోడలా నిలుస్తాయి.

ఇంకొక నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడికమట్టిని రైతులు తమ ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు, ఎందుకంటే అది పంటకు బలమిచ్చే మట్టి. పగిలిన టైల్సు, సిమెంటు ముద్దలు, గాజు పెంకులు కలిసిన పూడికను ఏ రైతూ తన చేలో వేసుకోడు. ఒకసారి శిథిలాలు కలిశాయంటే ఆ కుంటను మళ్లీ బాగుచేసే ఖర్చు మొత్తం ప్రభుత్వం మీదే పడుతుంది.

జవాబు: న్యాయవాది, హనుమకొండ

ఇంజనీరు గారు చెప్పిన లెక్కను మీ అర్జీలో యథాతథంగా చేర్చమని నా సలహా. ఇక చట్టం విషయానికి వస్తాను.

నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల కోసం కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016 మార్చి 29న ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. అప్పటిదాకా ఈ వ్యర్థాలను మామూలు చెత్తలో భాగంగానే చూసేవారు. ఆ నిబంధనలు మొదటి బాధ్యతను వ్యర్థం ఎవరి పనివల్ల పుట్టిందో వారి మీదే పెట్టాయి. అంటే ఇంటి యజమాని లేదా నిర్మాణదారు తన శిథిలాలను కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుకలు-గచ్చు అని వేరుచేసి, తన ఆవరణలోనే ఉంచుకోవాలి లేదా స్థానిక సంస్థ చూపిన కేంద్రానికి చేర్చాలి, దానికి రుసుము చెల్లించాలి. రోడ్డుకు, ప్రజలకు, మురుగు కాలువలకు అడ్డంగా పోయకూడదు. రోజుకు 20 టన్నులు లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటేవారు పని మొదలుపెట్టక ముందే వ్యర్థాల నిర్వహణ ప్రణాళిక ఇచ్చి ఆమోదం పొందాలి. స్థానిక సంస్థ సేకరణ స్థలాలు చూపాలి, తరలింపు ఏర్పాటు చేయాలి. వీటి స్థానంలో కేంద్రం 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టింది. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణ వైశాల్యం ఉన్న ప్రాజెక్టులను విస్తృత ఉత్పత్తిదారు బాధ్యత (వ్యర్థం పుట్టించినవారే దాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చే బాధ్యత వహించే పద్ధతి) కిందికి తేవడం వాటిలో ప్రధానమైన మార్పు. మన కాలనీల్లో కట్టే ఇళ్లు ఆ పరిమితికి చాలా దిగువన ఉంటాయి కనుక, మీ కుంట విషయంలో స్థానిక సంస్థే ముందుకు రావాలి.

శిక్ష ఏమిటని చాలామంది అడుగుతారు. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లోని 15వ సెక్షన్ కింద ఒకప్పుడు ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండేవి. జన విశ్వాస్ చట్టం చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక జైలుశిక్ష స్థానంలో పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల వరకు ఆర్థిక దండన వచ్చింది. కాగితం మీద ఇది పెద్ద మొత్తమే. అయితే దాన్ని విధించే అధికారి రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శి స్థాయికి తగ్గకూడదు. ఒక ట్రాక్టరు ట్రిప్పు విషయం అంత దూరం వెళ్తుందని ఆశించలేం. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద దారికి అడ్డంకి కలిగించినవారికి పడే జరిమానా ఐదు వేలకు మించదు. ఒకటి అందనంత ఎత్తులో ఉంది, మరొకటి లెక్కచేయనంత చిన్నది.

అందుకే నేను మరో మార్గాన్ని ఎక్కువగా సూచిస్తాను. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ప్రకారం, ప్రజలకు ఇబ్బంది కలిగించే వస్తువును తొలగించమని జిల్లా మేజిస్ట్రేటు, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 133వ సెక్షన్. ఆ సెక్షన్ కిందే రత్లాం పురపాలక సంఘం కేసులో 1980లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మురుగు, దుర్గంధం మధ్య బతుకుతున్న ఒక వార్డు ప్రజలు వేసిన కేసు అది. తమ దగ్గర డబ్బు లేదని చెప్పి పురపాలక సంఘం తన చట్టబద్ధ విధి నుంచి తప్పించుకోలేదని కోర్టు స్పష్టం చేసింది. సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు అయిన ఆర్‌డీఓ గారికి ఇచ్చే అర్జీలో ఈ తీర్పును తప్పక ఉదహరించండి. స్థలం ఏ శాఖది అన్న వివాదం ఇక్కడ అడ్డు కాదు, ఎందుకంటే ఆ అధికారం స్థలం యాజమాన్యం మీద కాక ప్రజలకు కలుగుతున్న ఇబ్బంది మీద ఆధారపడినది.

చెరువుల హద్దులు గుర్తించి ఆక్రమణలు తొలగించే బాధ్యతను నీరు, భూమి, చెట్ల చట్టం, 2002 కూడా ప్రభుత్వ యంత్రాంగం మీద పెట్టింది. మనం వాల్టా అని పిలిచేది దాన్నే. ఇవేవీ పనిచేయకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం ఉంది. పర్యావరణాన్ని పూర్వస్థితికి తెమ్మని అడిగే దరఖాస్తుకు ఐదేళ్ల గడువు ఉంటుంది కానీ, వివాదం పరిష్కరించమని 14వ సెక్షన్ కింద వేసేదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలే. అందుకే మొదటి ఫిర్యాదు తేదీ, దాని రశీదు ఎక్కడికీ పోకుండా చూసుకోండి.

జవాబు: చిన్న నిర్మాణాల కాంట్రాక్టరు, కాజీపేట

పెద్దలు చెప్పిన చట్టాలన్నీ గౌరవంగా చదివాను. ఈ పని క్షేత్రంలో ఎలా జరుగుతుందో కూడా ఇక్కడ నమోదు కావాలని రాస్తున్నాను, ఎందుకంటే అది తెలియకుండా వేసే జరిమానా ట్రాక్టరును మీ కుంట నుంచి పక్క ఊరి కుంటకు పంపుతుందే తప్ప ఆపదు.

నూట యాభై గజాల్లో ఉన్న పాత ఇంటిని తీసేయాలనుకున్న యజమాని సాధారణంగా కూల్చే పనిని ఒకరికి గుత్తగా ఇస్తాడు. తలుపులు, దూలాలు, కిటికీల ఇనుము, స్లాబులోని కడ్డీలు ఆ గుత్తదారు తీసుకుంటాడు. బాగున్న ఇటుకలు కూడా అమ్ముడవుతాయి. మిగిలిన పెళ్లలకు, గచ్చుకు ధర లేదు. వాటిని తీసేయడానికి ట్రాక్టరు యజమానికి ట్రిప్పు లెక్కన డబ్బులిస్తారు. ఎంత దూరం పోయి పోయాలన్నది ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. దూరం పెరిగితే డీజిలు ఖర్చు అతనిది, దగ్గర్లో పోస్తే మిగులు అతనిది. రోజుకు నాలుగు ట్రిప్పులు కొట్టాల్సినవాడు ఆరు కొట్టగలుగుతాడు. ఇల్లు కట్టుకునేవారికి శిథిలాలు ఎక్కడికి పోయాయన్నది తెలియదు, అడగరు.

శిథిలాలన్నీ నేరమేమీ కాదు. లోతుగా ఉన్న ప్లాట్ల యజమానులే మాకు పెళ్లలు కావాలని ఫోన్లు చేస్తారు, బేస్‌మెంటు నింపడానికి వాడుకుంటారు. వారి పట్టా స్థలంలో వారు కాలువకు అడ్డం లేకుండా నింపుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఏ రోజు ఎవరికి కావాలో తెలియకపోవడం వల్ల కూడా చాలా పెళ్లలు చెరువుల పాలవుతున్నాయి.

మాకు కావలసింది ఒక స్థలం. ఊరికి నాలుగు దిక్కులా, ఇన్నర్ రింగు రోడ్డుకు దగ్గరగా, ట్రాక్టరు వెళ్లి బరువు తూయించుకొని, రుసుము కట్టి, రశీదు తీసుకునే స్థలాలు ఉండాలి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రోజుకు ఐదేసి వందల టన్నుల సామర్థ్యంతో శుద్ధి కేంద్రాలు పెట్టారు. అక్కడ శిథిలాలను దంచి, కడిగి, కంకరగా, ఇసుకగా వేరుచేసి పేవర్ టైల్సు, కర్బ్ రాళ్లు చేస్తున్నారు. ఉత్తర తెలంగాణ పట్టణాలకు అంత పెద్దవి అవసరం లేకపోవచ్చు. ఒకచోటి నుంచి మరొకచోటికి తీసుకెళ్లగలిగే దంచే యంత్రం ఒకటి ఉన్నా వరంగల్, కరీంనగర్ వంటి నగరాలకు సరిపోతుందని నా అభిప్రాయం. స్థలం చూపకుండా పోయవద్దనడం న్యాయం కాదు.

జవాబు: న్యాయవాది, హనుమకొండ

కాంట్రాక్టరు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే చివరి వాక్యంతో విభేదిస్తున్నాను. స్థలం చూపడం స్థానిక సంస్థ విధి, అది చేయకపోతే అడగాలి, కోర్టుకైనా వెళ్లాలి. అయితే స్థలం చూపలేదన్న కారణం చెరువులో పోయడానికి అనుమతి కాజాలదు. స్థలం దొరికేదాకా తన ఆవరణలో ఉంచుకోవాలనే నిబంధన చెబుతోంది. ఇల్లు కట్టడానికి లక్షలు ఖర్చు పెట్టే యజమాని ఆ ఖర్చులో ఒక చిన్న భాగం శిథిలాల తరలింపుకు కేటాయించలేడని నేను అనుకోను.

మీరు చెప్పిన దాంట్లోనే అసలు పరిష్కారం కూడా ఉంది. ట్రాక్టరు యజమానికి ఇచ్చే ట్రిప్పు డబ్బుకు, శిథిలాలు చేరిన చోటుకు లంకె లేకపోవడమే రోగానికి మూలం. ఆ లంకె వేయగలిగిన కాగితం ఇప్పటికే స్థానిక సంస్థ చేతిలో ఉంది. రాష్ట్ర భవన అనుమతుల చట్టమైన టీఎస్-బీపాస్ కింద 75 గజాల లోపు ఇళ్లకు నమోదు చాలు, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది, అంతకు మించితే 21 రోజుల్లో ఏకగవాక్ష అనుమతి వస్తుంది. ఆ స్వీయ ధ్రువీకరణలోనే 'ఈ స్థలంలోని పాత కట్టడం శిథిలాలను ఫలానా చోటికి చేరుస్తాను' అన్న వాక్యం చేర్చాలి. కొంత పరిమాణం దాటిన భవనాలకు నిర్మిత వైశాల్యంలో పది శాతాన్ని స్థానిక సంస్థకు తనఖాగా పెట్టించుకునే పద్ధతి ఉంది, నివాసయోగ్యతా పత్రం వచ్చేదాకా అది విడుదల కాదు. ఆ విడుదలకు శిథిలాల రశీదును కూడా షరతుగా పెడితే, రాత్రిపూట ట్రాక్టరు వెనుక పరుగెత్తే పని చాలావరకు తగ్గుతుంది. యజమానే తన బండివాడిని రశీదు అడుగుతాడు.

ఒక చిక్కు మాత్రం ఉంది. మన దగ్గర పాత ఇంటిని ముందు కూల్చేసి, నేల చదును చేసి, ఆ తర్వాతే అనుమతికి దరఖాస్తు పెడుతుంటారు. దరఖాస్తు చేరేసరికి శిథిలాలు ఎక్కడో పడి ఉంటాయి. కాబట్టి కూల్చివేతకు ముందే సమాచారమిచ్చే ఏర్పాటు గట్టిగా అమలు కాకుండా మిగతావన్నీ సగమే పనిచేస్తాయి.

జవాబు: విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, హనుమకొండ

దంచిన కాంక్రీటు కంకర నాసిరకమని చాలామంది మేస్త్రీలు, ఇంజనీర్లు కూడా నమ్ముతారు. అందుకే ఒక మాట చేరుస్తున్నాను. భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 సవరణలో, కాంక్రీటు శిథిలాల నుంచి తీసిన కంకరను ఎం25 లేదా అంతకంటే తక్కువ గ్రేడు ఆర్సీసీలో ఇరవై శాతం వరకు, కడ్డీలు లేని మామూలు కాంక్రీటులో పాతిక శాతం వరకు, నాణ్యత పరీక్షలకు లోబడి అనుమతించింది. 2016 నిబంధనలు కూడా ప్రభుత్వ, పురపాలక పనుల్లో పది నుంచి ఇరవై శాతం వరకు ఇటువంటి పదార్థాలను తప్పనిసరి చేయాలన్నాయి. కాలనీల్లో వేసే సీసీ రోడ్డు కింది పొరకు, ఫుట్‌పాత్ టైల్సుకు వీటిని వాడమని టెండరులోనే రాస్తే, ధర లేదంటున్న పెళ్లలకు ధర వస్తుంది. ధర ఉన్న వస్తువును ఎవరూ కుంటలో పోయరు. ఇనుము ఎక్కడా పడి ఉండకపోవడానికి కారణం అదే కదా.

జవాబు: మత్స్యకార సహకార సంఘ సభ్యుడు, హసన్‌పర్తి వైపు

మా చెరువు వేరు, కానీ బాధ ఒకటే. శిథిలాలు పడిన చోట వల వేయలేం, చిరిగిపోతుంది. గాజు, రేకుల ముక్కలు కాళ్లకు గుచ్చుకుంటాయి. మీ కుంటలో చేపలు పట్టే సంఘం ఉంటే వారిని కూడా అర్జీలో చేర్చుకోండి. ప్రభుత్వం ఏటా చేపపిల్లలను వదిలే నీటివనరు అని కాగితం మీద తేలితే, అది ఎవరికీ చెందని పడావు స్థలమన్న వాదన నిలవదు. కింద ఆయకట్టు రైతులు ఇద్దరు ముగ్గురున్నా సరే, వారి సంతకాలకు విలువ ఎక్కువ.

సిమెంటు రేకుల గురించి కూడా చెప్పాలి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పిల్లలు ఆ ముక్కలతో ఆడుకోకుండా, వాటిని ఎవరూ పగలగొట్టకుండా చూడండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని మా సంఘానికి వచ్చిన డాక్టరు గారు చెప్పారు.

ప్రశ్న అడిగినవారు: శివారు కాలనీవాసి, వరంగల్

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మేము ఇంతకాలం ప్రతిసారీ శుభ్రం చేయండి అని మాత్రమే రాస్తూ వచ్చాం. ఆ మాటకు జవాబుగానే చదును చేయడం జరిగిందని ఇప్పుడు అర్థమైంది. రేపు కాలనీ సంఘం సమావేశంలో అర్జీ ముసాయిదా పెడుతున్నాం. వచ్చే సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి, అదే రోజు ఆర్‌డీఓ గారికి విడిగా 152వ సెక్షన్ కింద ఇవ్వాలని అనుకుంటున్నాం. నకలు తహసీల్దార్‌కు, నీటిపారుదల శాఖకు, నగరపాలక సంస్థకు కూడా ఇస్తాం. కుంటలోకి దిగే దారికి అడ్డంగా కందకం తవ్వమని కూడా అడుగుతాం.

రెండు సందేహాలు మిగిలాయి. సమాచార హక్కు కింద ఏమేమి అడగాలి? రాత్రి బండి వచ్చినప్పుడు మేము ఏం చేయాలి, ఏం చేయకూడదు? కొందరు యువకులు బండిని ఆపి తాళం తీసుకుందామంటున్నారు. ఏదైనా గొడవ జరుగుతుందేమోనని నాకు భయంగా ఉంది.

జవాబు: న్యాయవాది, హనుమకొండ

తాళం తీసుకోవడం వద్దే వద్దు. బండిని స్వాధీనం చేసుకునే అధికారం మీకు లేదు, పైగా కేసు మీ పిల్లల మీదకే తిరుగుతుంది. రాత్రి బండి వస్తే వెంటనే పోలీసులకు 112 నంబరుకు ఫోన్ చేయండి. గస్తీ వాహనం వచ్చి బండి నంబరు రాసుకున్నా చాలు, అది అధికారిక నమోదు అవుతుంది. దూరం నుంచి తేదీ, సమయం, స్థలం కనిపించేలా ఫొటో తీయండి. ట్రాలీకి నంబరు లేకపోవడం సాధారణం, కాబట్టి ఇంజను మీది నంబరు పడేలా చూడండి. మర్నాడు ఉదయం కుప్పను దగ్గర నుంచి తీసిన ఫొటోలు కూడా ఉపయోగపడతాయి. గోడ రంగు, టైల్సు తీరు, తలుపు చట్రం ముక్కలను బట్టి ఆ వారంలో దగ్గర్లో కూలిన ఇల్లు ఏదో గుర్తించిన సందర్భాలు నా వృత్తిలో చూశాను. ఇంటి యజమాని దాకా వెళ్లగలిగే దారి చాలాసార్లు అదే.

సమాచార హక్కు దరఖాస్తులో అభిప్రాయాలు అడగవద్దు, కాగితాలు అడగండి. మీ ఫిర్యాదు సంఖ్య వేసి, దానిపై రాసిన తనిఖీ నివేదిక నకలు, వేసిన చలానాల నకళ్లు, జేసీబీకి చెల్లించిన బిల్లు, ఎత్తిన వ్యర్థాలు ఉంటే వాటిని చేర్చిన స్థలం, బరువు నమోదు పుస్తకంలోని ఆ తేదీ పుట, ఆ వార్డులో గత ఏడాది నమోదైన భవన అనుమతుల జాబితా అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వ్యర్థాలు అక్కడి నుంచి ఎక్కడికీ వెళ్లలేదని ఆ బిల్లుతోనే తేలితే, 152వ సెక్షన్ అర్జీకి అంతకు మించిన ఆధారం అక్కరలేదు.

అర్జీలో డ్రైవరు పేరు గానీ, అనుమానం ఉన్న ఇంటి యజమాని పేరు గానీ రాయకండి. వాహనం నంబరు, తేదీ, సర్వే నంబరు మాత్రమే రాసి, బాధ్యులను గుర్తించే పని అధికారులకు వదలండి. శిథిలాలను తరలించే ముందు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి పంచనామా రాయమని, ఆ సమయంలో కాలనీ నుంచి ఇద్దరిని సాక్షులుగా పిలవమని చివరి పేరాలో కోరండి. ముసాయిదా సిద్ధమైతే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, సోమవారం లోపు చూసి చెబుతాను.